ఎద్దుకు సోమవారం, మరి మనకు?

మా సంఘం సమావేశాలు ఏ వారం పెట్టుకుంటే అందరికీ వీలవుతుందో తేల్చుకోవడానికి మొన్న ఒక సాయంత్రమంతా పట్టింది. కర్నూలులో మా సంఘంలో అన్ని రకాల వాళ్లం ఉన్నాం. టీచర్లు, కుట్టుమిషను పెట్టుకున్నవాళ్లు, కూరగాయలమ్మేవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు, "మా ఆవిడ ఏ పనీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అని భర్తలు పరిచయం చేసేవాళ్లు.

ఆదివారం అన్నారెవరో. వెంటనే నాలుగు గొంతులు లేచాయి. ఆదివారం మగవాళ్లు, పిల్లలు ఇంట్లో ఉంటారు, మాంసం తెస్తారు, మసాలా నూరాలి, ఆ రోజు పని రెండింతలు. చర్చికి వెళ్లేవాళ్లు మధ్యాహ్నం దాకా రాలేరు, వచ్చాక వాళ్లకూ అదే మసాలా. సోమవారం ఇద్దరికి ఒక్కపొద్దు. మంగళవారం మంచిది కాదని ఒకామె, ఆ రోజు మా వైపు సంత అని ఇంకొకామె. బేస్తవారం బాబా గుడిలో హారతి. శుక్రవారం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇల్లు కడగాలి, గడపలకు పసుపు రాయాలి, తలంటుకోవాలి, దీపం పెట్టే వేళకు గుమ్మంలో ఉండాలి. మా ముస్లిం అక్క నవ్వింది. "మాకూ శుక్రవారమే. జుమ్మా నమాజుకు మగవాళ్లు మసీదుకు పోతారు, మేము వంటింటికి పోతాము" అంది. శనివారం వెంకటేశ్వరస్వామిది. ఇంట్లో ఉపవాసం ఉండే పెద్దవాళ్లకు విడిగా టిఫిను చెయ్యాలి. (ఉపవాసమున్న రోజే వంటిల్లు ఎక్కువ పని అడుగుతుందన్న సంగతి ఏ పురాణంలోనూ రాసినట్టు లేదు.) చివరికి బుధవారం మిగిలింది. ఆ రోజును మా వీధుల్లో ఏ దేవుడూ అడగలేదు కాబట్టి మాకు దక్కింది.

ఇంటికి వచ్చాక ఆ మాటలే మనసులో తిరిగాయి. అంతమందిలో ఒక్కరు కూడా "ఆ రోజు నాకు సెలవు, ఆ రోజు పెట్టుకుందాం" అనలేదు. వారంలో ప్రతి రోజుకూ ఒక పేరుంది, ఒక గ్రహముంది, ఒక దేవుడున్నాడు, ఒక నియమముంది. ఆ నియమాలన్నీ ఆడవాళ్లకు ఇంకొంచెం పని పెట్టేవే.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు ఆదోని అవతల మా అవ్వ ఊరికి పోయేవాళ్లం. ఆ ఊళ్లో సోమవారం ఎద్దులకు కాడి కట్టరు. అది బసవన్న వారం. ఎంత వాన పడి పదునైనా సరే, ఆ రోజు మడక కదలదు. మా తాత పొద్దున్నే ఎద్దులను వాగుకు తోలుకుపోయి, ఒళ్లు రుద్ది కడిగి, కొమ్ములకు నూనె రాసి, మేత వేసి తాను రచ్చకట్ట మీదికి పోయేవాడు. ఎద్దుకు సెలవంటే ఎద్దు వెనక నడిచే మగవాడికీ సెలవే. అవ్వ మాత్రం ఆ రోజు గాటిపాట ఊడ్చి, పేడ ఎత్తి, మగవాళ్లు ఇంటి దగ్గరే ఉన్నారు కాబట్టి రెండు పూటలా జొన్నరొట్టెలు తట్టి, వాగుకు పోయి బట్టలుతుక్కొచ్చేది. నేనొకసారి అడిగాను, "ఎద్దుకు సోమవారం సెలవు గదా, నీకే వారం అవ్వా?" అని. అవ్వ రొట్టె తిప్పుతూనే, "నేనేమన్నా ఎద్దునా?" అంది. ఆ మాట గర్వంగానే అంది. నాకప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడా జవాబును ఎటు తిప్పి చూసినా నవ్వు రావడం లేదు.

వారమంటే ఏడు రోజులన్నది సూర్యచంద్రుల్లాగా మనుషులకు ముందే ఉన్న సంగతి కాదు. పగలూ రాత్రీ భూమి తిరగడం వల్ల వస్తాయి. నెల చంద్రుడి వల్ల వస్తుంది. ఏడాది ఋతువుల వల్ల వస్తుంది. వారాన్ని ఆకాశంలో చూపించే వస్తువేదీ లేదు, అది మనుషులు పెట్టుకున్న కట్టు. అందుకే అది అన్నిచోట్లా ఒకే రకంగా లేదు. పశ్చిమాఫ్రికాలో ఇగ్బో ప్రజలకు వారం నాలుగు రోజులు: ఏకే, ఓరియే, అఫో, ఎన్క్వో. జావా ద్వీపంలో ఏడు రోజుల వారంతో పాటే అయిదు రోజుల సంత వారం కూడా నడుస్తుంది. పాత రోమన్లు ఎనిమిది రోజులకొకసారి సంత పెట్టుకునేవాళ్లు. వీటన్నిటికీ మూలం సంత. పండించినవాళ్లు, అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఒకచోట కలవడానికి ఒక రోజు కావాలి, అంతే. ఇగ్బో సంతల్లో అమ్మకం ఎక్కువగా ఆడవాళ్లదే. 1929లో బ్రిటిష్ ప్రభుత్వం తమ మీద పన్ను వెయ్యబోతోందన్న కబురు ఆ సంతల దారినే ఊరూరా పాకి, వేలమంది స్త్రీలు తిరగబడ్డారు. సంత వారం అంటే ఉప్పూ చింతపండూ కొనుక్కోవడమే కాదన్నమాట. మన దగ్గర కూడా ఆడవాళ్లు ఇంట్లో ఎవరినీ అడక్కుండా బయటికి పోయే రోజు ఏదన్నా ఉంటే అది సంత రోజే. మా అవ్వ వారంలో ఒక్కరోజు చెప్పులు తొడుక్కునేది, సంతకు పోవడానికి.

మనం వాడే ఏడు వారాల పేర్లు గ్రహాలవి. ఆదిత్యుడి వారమే ఆదివారం. అనాదిగా మన ఋషులు పెట్టిన పేర్లని పంచాంగం చెప్పేవాళ్లు అంటుంటారు. వైదిక కాలంలో లెక్క తిథులతో, నక్షత్రాలతో నడిచింది, వారాలతో కాదు. వారం పేరుతో తేదీ వేసిన శాసనాల్లో అతి పాతదిగా చెప్పేది మధ్యప్రదేశ్‌లోని ఏరణ్ స్తంభ శాసనం, క్రీ.శ. 484 నాటిది. అందులో ఉన్నది గురువారం. రోజుకు ఇరవైనాలుగు హోరలు, ఒక్కో హోరకు ఒక్కో గ్రహం అధిపతి, సూర్యోదయం నాటి హోర ఎవరిదైతే రోజు వాళ్లది అన్న లెక్క గ్రీకు జ్యోతిషంతో కలిసి వచ్చింది. హోర అన్న మాటే గ్రీకు మాట. ఇది చెప్పడం ఎవరినీ కించపరచడానికి కాదు. శుక్రవారం గాజులు తియ్యకూడదు, మంగళవారం గోళ్లు తియ్యకూడదు, పుట్టింటి నుంచి శుక్రవారం కదలకూడదు అని మన మీద వేసే ఆంక్షలకు అనాదిత్వం అన్న బలం లేదని చెప్పడానికే. అదే గ్రహం రోమన్లకు ప్రేమదేవత వీనస్, మనకు రాక్షసగురువు శుక్రాచార్యుడు. ఆ ఒంటికన్ను పంతులుగారి వారం మన ఇళ్లలో లక్ష్మీదేవిది ఎట్లా అయిందో, ఆ లక్ష్మి కోసం ఇల్లు కడిగే పని ఇంటి లక్ష్మిదే ఎందుకయిందో ఆలోచించుకోవాలి.

ఏడో రోజు పని మానాలన్న నియమాన్ని గట్టిగా పట్టుకున్నవాళ్లు యూదులు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్లకు సబ్బాతు. ఇందులో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. సబ్బాతు నాడు చెయ్యకూడని పనులను వాళ్ల పండితులు ముప్ఫైతొమ్మిది రకాలుగా పేర్లు పెట్టి లెక్కగట్టారు. దున్నడం, విత్తడం, కోయడంతో పాటు విసరడం, జల్లించడం, పిండి కలపడం, కాల్చి వండడం, ఉతకడం, వడకడం, కుట్టడం, నిప్పు రాజెయ్యడం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అంటే వంట పని అని, జల్లించడం పని అని రెండు వేల ఏళ్లకు ముందు కాకపోయినా దాదాపు ఆ కాలంలోనే ఒక మతం ఒప్పుకుంది. మన జనాభా లెక్కలు రాసేవాళ్లు ఇవాళ్టికీ ఇంట్లో వంట చేసే మనిషిని పనిచెయ్యనివాళ్ల గడిలో వేస్తారు.

అయితే అక్కడా అంతా తీపే అని కాదు. సబ్బాతు ఆజ్ఞలో ఎవరెవరు పని మానాలో వరసగా ఉంటుంది. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ ఊళ్లో ఉన్న పరదేశి. భార్య పేరు ఆ వరసలో లేదు. 'నువ్వు' అన్నదాంట్లో ఆమె కూడా ఉందని వ్యాఖ్యానం చెప్పేవాళ్లున్నారు. ఉంటే మంచిదే. కానీ శనివారం పొయ్యి వెలగకూడదంటే శుక్రవారం సూర్యుడు దిగేలోపు రెండు రోజుల వంట అయిపోవాలి. రాత్రంతా సన్నని సెగ మీద ఉడికే కూర ముందే ఎక్కించి పెట్టాలి. ఇల్లు సర్దాలి, దీపాలు వెలిగించాలి. పసిపిల్లల ముడ్డి కడగడం ముప్ఫైతొమ్మిదింటిలో లేదు. అయినా సరే, వారానికొక రోజు పొయ్యి ఆరిపోవాలి అన్న ఆజ్ఞను నేను తేలిగ్గా తీసిపారెయ్యలేను. మా అవ్వకు ఆ ఆజ్ఞ ఎవరూ ఇవ్వలేదు.

క్రైస్తవులు ఆదివారాన్ని తీసుకున్నారు. క్రీ.శ. 321లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ఆ రోజు న్యాయాధికారులు, పట్నవాసులు, చేతిపనివాళ్లు పని ఆపాలని శాసనం చేశాడు. పొలం పని మాత్రం చేసుకోవచ్చన్నాడు. పంట ఆగదు గదా అన్నది కారణం. పంట ఆగదు, పాలు ఆగవు, పిల్లల ఆకలి ఆగదు. ఆగని పనులు చేసేవాళ్లకు సెలవు ఆగిపోవడం అప్పటి నుంచీ ఉన్న వరసే. ఇస్లాంలో శుక్రవారం మధ్యాహ్నం సామూహిక నమాజుకు పిలుపు వచ్చినప్పుడు వ్యాపారం ఆపి రావాలని, నమాజు అయ్యాక మళ్లీ పనిలోకి పోవచ్చని ఉంది. అది విశ్రాంతి దినంగా పెట్టింది కాదు. ఆ నమాజుకు రావడం మగవాళ్లకు విధి, ఆడవాళ్లకు విధి కాదు. విధి లేనిదాన్ని వెసులుబాటు అనాలా, వెలి అనాలా అన్నది మా ముస్లిం అక్కచెల్లెళ్లే చర్చించుకోవాలి. వాళ్లు చర్చించుకుంటున్నారు కూడా.

ఈ వారాలు దేవుడు రాతి మీద చెక్కినవి, కదలవు అనుకునేవాళ్లు ప్రభుత్వాలు వాటిని ఎన్నిసార్లు కదిపాయో చూడాలి. పాకిస్తాన్‌లో 1977లో శుక్రవారం సెలవు చేశారు, 1997లో మళ్లీ ఆదివారానికి మార్చారు. సౌదీ అరేబియా 2013లో గురు శుక్రవారాల సెలవును శుక్ర శనివారాలకు జరిపింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నుంచి శని ఆదివారాలకు వచ్చింది, శుక్రవారం ఒంటిపూట చేసింది. నిజాం కాలంలో హైదరాబాద్ సంస్థానంలో సెలవు శుక్రవారం, 1948 తర్వాత ఆదివారమైంది. బ్యాంకుల కోసం, వ్యాపారం కోసం, రాజ్యం మారినందుకు వారం జరుగుతుంది. ఆడవాళ్ల కోసం జరగమంటేనే సంప్రదాయం అడ్డొస్తుంది.

మన తెలుగునాట ఆదివారం కథలో ఒక అధ్యాయం ఉంది. దాన్ని మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. ఒంగోలు చుట్టుపక్కల 1866 ప్రాంతం నుంచి మాదిగలు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో చేరడం మొదలుపెట్టారు. చేరినవాళ్లకు పెట్టిన ముఖ్యమైన నియమాల్లో మూడు ఇవి: విగ్రహాలను పూజించకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, ఆదివారం పని చెయ్యకూడదు. మొదటి రెండింటి సంగతి అట్లా ఉంచండి. మూడోది ఊరి రైతులకు పిడుగులాగా తగిలింది. తరతరాలుగా పిలిస్తే పలకాల్సిన మనుషులు, ఏ రోజన్నది లేకుండా తోలు కుట్టి, వెట్టి చేసి, డప్పు కొట్టాల్సిన మనుషులు, వారంలో ఒక రోజు మాది, ఆ రోజు రాము అన్నారు. దానికి వాళ్లు పడిన హింస తక్కువది కాదు. మతం మారడం మంచిదా చెడ్డదా అన్న వాదన చేసుకునేవాళ్లు చేసుకోనివ్వండి. ఒక దళిత స్త్రీ ఉతికిన చీర కట్టుకుని, ఊరి మధ్య నుంచి పనికి కాక ఇంకోచోటికి నడిచిపోయిన ఆ ఆదివారాన్ని నేను హక్కుల చరిత్రలోనే రాస్తాను. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారంటే దానికి కరువొక్కటే కారణమని చెప్పడం సరిపోదు.

ఇవాళ మనందరం అనుభవిస్తున్న ఆదివారం సెలవు ఇంగ్లీషువాడు ఇచ్చిపోయిన దానం అనుకుంటాం. ఆఫీసుల వరకు అది నిజమే కావచ్చు. బొంబాయి మిల్లు కార్మికులకు మాత్రం అది పోరాడితే వచ్చింది. జోతిరావు ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికులను కూడగట్టి ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం కావాలని అర్జీ తయారుచేశాడు. అయిదున్నర వేల మంది దాని మీద సంతకాలు పెట్టారు. ఆరేళ్లు గడిచాయి. 1890 ఏప్రిల్ 24న పదివేల మంది సభ జరిపారు, ఆ సభలో ఇద్దరు స్త్రీ కార్మికులు కూడా లేచి మాట్లాడారు. జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారానికి ఒప్పుకున్నారు. ఆ తర్వాతే 1891 చట్టంలో వారానికొక సెలవు చేరింది. లోఖండే ఆదివారాన్ని అడిగింది అది ఏసుక్రీస్తు వారమని కాదు, జేజురి ఖండోబా వారమని. మిల్లు కార్మికుల ఇలవేలుపు ఖండోబా. దేవుణ్ణి అడ్డుపెట్టి పని చేయించుకునేవాళ్లను చూస్తున్నాం. దేవుణ్ణి ముందుపెట్టి సెలవు సాధించిన లోఖండే తెలివి మనం కూడా నేర్చుకోదగిందే.

మిల్లులో స్త్రీకి అట్లా ఆదివారం వచ్చింది. ఇంటికి పోయాక ఏమయిందన్నది ఏ చట్టమూ అడగలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం అడగలేదు. విశ్రాంతి ప్రతి మనిషి హక్కని 1948 విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణంలో రాసుకున్నారు. తీరిక సమయాన్ని పూర్తిగా అనుభవించగల పని పరిస్థితులు కల్పించడానికి రాజ్యం ప్రయత్నించాలని మన రాజ్యాంగం 43వ అధికరణం చెబుతుంది. 'కార్మికులు' అన్న మాటకు ఎదురుగా పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఎవరి కళ్లకూ ఆనలేదు. 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారని తేలింది. ఆ 88 నిమిషాలు కూడా ఇంటిపని చేసే మగవాళ్ల సగటు మాత్రమే. వంటింటి గడప తొక్కనివాళ్లు ఆ లెక్కలో లేనే లేరు. 289ని ఏడుతో హెచ్చించండి. వారానికి దాదాపు ముప్ఫైనాలుగు గంటలు. ఆరుతో హెచ్చించడానికి వీల్లేదు, ఏడో రోజు లేదు కాబట్టి.

వారాన్ని కొత్తగా కట్టాలని చూసినవాళ్లూ ఉన్నారు. ఫ్రెంచి విప్లవకారులు 1793లో పది రోజుల వారం పెట్టారు. ఏడు రోజులకు వచ్చే సెలవు పది రోజులకు పోయింది. కొన్నేళ్లకే అది మూలపడింది. సోవియట్ యూనియన్ కథ మనకు ఇంకా పనికొస్తుంది. 1929లో అక్కడ యంత్రాలు ఒక్కరోజు కూడా ఆగకూడదని అయిదు రోజుల వారం పెట్టారు. కార్మికులను అయిదు రంగుల గుంపులుగా విడగొట్టి ఒక్కో రంగుకు ఒక్కో రోజు సెలవిచ్చారు. సెలవు ఏడు రోజులకు బదులు అయిదు రోజులకే వచ్చింది, లెక్కకు లాభమే. కానీ భార్యది ఒక రంగు, భర్తది ఇంకో రంగు, పిల్లల బడిది మరో రంగు. ఇంట్లో ఎవరూ లేని రోజు సెలవిస్తే ఏం చేసుకోను అని జనం గోడు పెట్టారు. 1931లో ఆరు రోజులకు మార్చారు, 1940లో మళ్లీ ఏడు రోజులకే వచ్చారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు మామూలు చరిత్రలాగే కనిపించింది. అది నా వంటింట్లోకి వస్తుందని అనుకోలేదు.

మా ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఒకామె పనిచేస్తోంది. కసువూడ్చి, బోకులు తోమి, బట్టలుతుకుతుంది. మా ఇల్లు కాక ఇంకో నాలుగిళ్లు చేస్తుంది. మా సంఘంలో సభ్యురాలు. బుధవారం సమావేశం అని తేలిన మర్నాడు బోకులు తోముతూ, "మేడమ్, వారంలో ఒగ దినం నాకిడ్సిపెట్టండి" అంది. నేను వెంటనే, చాలా ఉదారంగా, "దానికేముంది, తప్పకుండా తీసుకో. ఆదివారం తప్ప ఏ రోజైనా తీసుకో" అన్నాను. ఆదివారం మా ఇంటికి బంధువులొస్తారు, ఆ రోజు బోకులు గుట్టగా పడతాయి. ఆమె తలెత్తలేదు. "మా పిల్లోల్లు ఇంటికాడుండేది ఆదివారమే గదా మేడమ్" అంది.

సంఘంలో విశ్రాంతి హక్కు మీద ఉపన్యాసమిచ్చేది నేనే. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 189వ ఒడంబడిక గురించి కరపత్రం రాసిందీ నేనే. ఇళ్లలో పనిచేసేవాళ్లకు వారానికి ఒకసారి, మధ్యలో తెగకుండా ఇరవైనాలుగు గంటల విశ్రాంతి ఇవ్వాలని ఆ ఒడంబడిక చెబుతుంది. దానికి భారత ప్రభుత్వం చెయ్యెత్తి ఓటేసి, ఇంటికొచ్చి సంతకం పెట్టలేదని ఆ కరపత్రంలో నేనే ఎగతాళి చేశాను. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటిపనివాళ్ల కోసం చట్టం తెచ్చే విషయం పరిశీలించమని కేంద్రానికి చెప్పినప్పుడు చప్పట్లు కొట్టిందీ నేనే. కువైట్‌లో 2015లోనే ఇంటిపనివాళ్లకు వారానికొక సెలవిస్తూ చట్టం వచ్చింది. మన కడప వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి పోయిన ఆడవాళ్లు అక్కడ ఉన్నారు. చట్టం ఉన్నా యజమాని తలుపు తియ్యకపోతే ఆ సెలవు కాగితం మీదే ఉంటుంది. తలుపు తీసిన ఇళ్లలోని క్రైస్తవ స్త్రీలు శుక్రవారం చర్చికి పోతారు, అక్కడ వారం అట్లా కట్టారు కాబట్టి. కువైట్ యజమానుల్ని తిట్టడం నాకు చాలా సులువుగా ఉండేది.

ఆమె అడిగింది సోవియట్ కార్మికులు అడిగిందే. సెలవంటే పనిలేని గంటలు మాత్రమే కాదు. పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు తానూ ఉండడం, ఆదివారం ప్రార్థనకు పోదలచుకుంటే పోవడం, చెల్లెలి ఇంటికి పోవాలంటే చెల్లెలు కూడా ఇంట్లో ఉండే రోజు పోవడం. నాకు ఆదివారం ఎందుకు కావాలో ఆమెకూ అందుకే కావాలి. ఆమె ఆదివారాన్ని నేను తిని, ఆమెకు బుధవారం మిగిల్చాలని చూశాను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, లేకపోతే ఇదంతా నీతులు చెప్పినట్టుంటుంది. ఆమెకు ఆదివారం ఇస్తే ఆ బోకులు ఎవరు తోమాలి? నేనే. మా ఆయన తోమడు, మా అబ్బాయి తోమడు. వారమంతా కాలేజీలో పాఠాలు చెప్పి నాకు మిగిలిన ఒక్కరోజు అదే. ఆడవాళ్ల మధ్య ఈ పేచీ పెట్టి మగవాళ్లు పేపరు చదువుకుంటారు. ఒక ఆడదాని సెలవు ఇంకో ఆడదాని నడుము మీద పడేట్టు ఇల్లు కట్టుకున్నాం. దానికి విరుగుడు ఆమె సెలవు కొయ్యడం కాదు.

ఐస్‌లాండ్ స్త్రీలు 1975 అక్టోబరు 24న, శుక్రవారం నాడు, ఒక పని చేశారు. ఆ దేశంలో దాదాపు తొంభై శాతం మంది ఆడవాళ్లు ఆఫీసు పనీ మానేశారు, ఇంటి పనీ మానేశారు. సమ్మె అంటే కొందరు భయపడతారని 'స్త్రీల సెలవు రోజు' అని పేరు పెట్టారు. మగవాళ్లు పిల్లల్ని వెంటేసుకుని ఆఫీసులకు పోయారు. సులువుగా వండి పెట్టొచ్చని సాసేజీలు కొనడానికి ఎగబడితే దుకాణాల్లో అవి అయిపోయాయి. ఆ ఒక్కరోజును అక్కడి మగవాళ్లు 'పొడుగు శుక్రవారం' అని చెప్పుకున్నారు. మరుసటి ఏడాదే ఆ దేశంలో స్త్రీ పురుష సమానత్వ చట్టం వచ్చింది. మన దగ్గర కూడా 1980లో పుణేలో ఇళ్లలో పనిచేసే స్త్రీలు పని ఆపి వీధిలోకి వచ్చారు. జీతంతో పాటు సెలవూ వాళ్ల కోరికల్లో ఉంది. వాళ్ల యజమానురాళ్లు ఆ రోజుల్లో ఎవరి మీద విసుక్కున్నారో నేను ఊహించుకోగలను.

నేనూ ఆమే కలిసి మిగిలిన నాలుగిళ్లకు వెళ్లాం. ఒక ఇంట్లో పెద్దావిడ, "అడిగితే ఎప్పుడో ఇద్దును గదమ్మా, అడగందే నాకెట్లా తెలుస్తుంది" అంది. తొమ్మిదేళ్లు ఆమె అడక్కపోవడానికి కారణం మేమందరమే కాబట్టి నేనేమీ మాట్లాడలేదు. రెండో ఇంట్లో నాలుగు ఆదివారాలకు జీతం కోస్తామన్నారు. సంఘం తరఫున గట్టిగా అడిగితే వెనక్కి తగ్గారు. మూడో ఇంట్లో వెంటనే ఒప్పుకున్నారు, వాళ్లది కొత్త కాపురం, ఇద్దరే ఉంటారు. నాలుగో ఇంటావిడ నా మొహం మీదే, "మీలాంటివాళ్లు నేర్పడం వల్లే పనిమనుషులు ఇట్లా తయారవుతున్నారు, మాకు వేరే మనిషి దొరకదనుకున్నారా" అంది.

మా ఇంట్లో మొదటి ఆదివారం బోకులు నేనే తోమాను. రెండో ఆదివారం కూడా నేనే. మూడో ఆదివారం పొద్దున్నే సంఘం పని మీద డోన్ పోవలసి వచ్చింది. సాయంత్రం వచ్చి చూస్తే సింకు నిండా ఉన్నాయి, పైన గట్టు మీదా ఉన్నాయి. సోమవారం ఆమె వచ్చేసరికి ఇవి ఇక్కడ ఉండకూడదు, నేను ముట్టను అని చెప్పి పోయి పడుకున్నాను. "ఒక్కపూటకు ఇంత రాద్ధాంతమా" అన్న మాట వినిపించింది. జవాబు చెప్పలేదు. రాత్రి పదకొండు దాటాక వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు, కాసేపటికి ఏదో గాజుగ్లాసు పగిలిన చప్పుడు వినిపించాయి. లేవలేదు.

నాలుగో ఇల్లు ఇంకా ఒప్పుకోలేదు. మానిపిస్తామని బెదిరిస్తున్నారు. ఆ వీధిలో పనిచేసేవాళ్లు మొత్తం పదకొండుమంది ఉన్నారు. వచ్చే బుధవారం వాళ్లందరినీ సమావేశానికి తీసుకొస్తానని ఆమె చెప్పింది.